పాట వెనక వినిపించే గది

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, పైగా బయట మబ్బు పట్టి ఉంది, అయినా ఇంతమంది మేడ మెట్లెక్కి వచ్చారు, చాలా సంతోషం. మన పద్ధతి తెలిసిందే, నెలకొకరు ఈమధ్య తాము కొత్తగా విన్నదీ చూసిందీ పట్టుకొచ్చి మిగతావాళ్లకి పంచాలి. పోయిన నెల షేక్ చినమౌలానా గారి నాదస్వరం విన్నాం, ఇంటికెళ్లాక కూడా చాలాసేపు అది చెవిలోంచి పోలేదు నాకు. ఈ నెల వంతు నాది. నేను మిమ్మల్ని ఇథియోపియా తీసుకెళ్తాను.

నాకు ఇది సినిమా దారిలో దొరికింది. జిమ్ జార్ముష్ అనే అమెరికన్ దర్శకుడు తీసిన 'బ్రోకెన్ ఫ్లవర్స్', 2005లో కాన్ ఉత్సవంలో గ్రాండ్ ప్రీ అందుకున్న సినిమా, నేను చాలా ఆలస్యంగా పోయిన వేసవిలో చూశాను. బిల్ మర్రే అందులో వయసు మళ్లుతున్న ఒంటరివాడు. ఒకరోజు అతనికి గులాబీ రంగు ఉత్తరం వస్తుంది, నీకు పందొమ్మిదేళ్ల కొడుకున్నాడు అని. సంతకం ఉండదు, ఎవరు రాశారో తెలీదు. పక్కింట్లో ఉండే విన్‌స్టన్ ఇథియోపియా నుంచి వచ్చి స్థిరపడినవాడు, ఇంటినిండా పిల్లలు, డిటెక్టివ్ పనంటే ప్రాణం. నువ్వెళ్లి పాత స్నేహితురాళ్లని ఒక్కొక్కరినీ కలిసి రావాల్సిందే అని పట్టుబట్టి, టికెట్లు, దారి మ్యాపులు అన్నీ తనే సర్దిపెట్టి, కారులో వినడానికి ఒక సీడీ కూడా చేతిలో పెడతాడు. ఇక అక్కణ్నుంచి ఆ మనిషి ఏ భావమూ లేని మొహంతో కారు నడుపుతుంటాడు, వెనక ఆ సీడీ మోగుతుంటుంది.

నేను అక్కడ సినిమా ఆపేశాను. కింద బేస్ గిటార్ ఒకే నాలుగు ముక్కల్ని విసుగు లేకుండా తిప్పి తిప్పి చెబుతోంది, పైన శాక్సఫోన్లు బరువుగా, కొంచెం బద్ధకంగా నడుస్తున్నాయి, మధ్యలో రేకు మీద చినుకులు పడ్డట్టు ఇంకేదో. ఎప్పుడో విన్నట్టే ఉంది, కాని ఎక్కడా వినలేదని నాకు తెలుసు. ఆ ఒక్క ముక్కనే నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. చివర్లో పేర్లు పడేటప్పుడు వెతికితే ములాటు అస్తాట్కే అని కనబడింది.

ములాటు 1943లో జిమ్మా అనే ఊళ్లో పుట్టాడు. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. ఇంట్లోవాళ్లు ఇంజనీరింగ్ చదవమని వేల్స్ పంపారు. మన ఇళ్లలో కథే కదా! అక్కడ సంగీతం పట్టుకుంది, లండన్ వెళ్లాడు, అక్కణ్నుంచి అమెరికాలో బోస్టన్, బర్క్‌లీ సంగీత కళాశాల. అక్కడ చదివిన మొట్టమొదటి ఆఫ్రికా విద్యార్థి ఇతనే. నేను చినుకులన్న శబ్దం వైబ్రాఫోన్ అనే వాద్యానిది. వరసగా పేర్చిన లోహపు పలకల్ని మెత్తటి బుడిపెలున్న పుల్లలతో కొడతారు, కింద గొట్టాలుంటాయి, గొట్టాల నోళ్ల దగ్గర చిన్న బిళ్లలు మోటారుతో తిరుగుతుంటాయి, అందుకే ఆ ధ్వని అలా వణుకుతుంది. జలతరంగం ఇష్టమైనవాళ్లకి ఇది కూడా నచ్చుతుంది. ములాటు న్యూయార్క్‌లో లాటిన్ సంగీతం వాయిస్తూ, జాజ్ స్వరమేళనం నేర్చుకుని, వాటి మీద తన ఊరి స్వరాల వరస పెట్టి చూశాడు. దాన్నే ఇప్పుడు ఇథియో-జాజ్ అంటున్నారు.

ఇక్కడ కాలేజీ పిల్లలు కొంతమంది ఉన్నారు, మీకోసం ఒక మాట. నాస్, డేమియన్ మార్లీ అనే గాయకులు కలిసి 2010లో చేసిన 'యాజ్ వియ్ ఎంటర్' పాట విని ఉంటే మీరు ములాటుని ఇప్పటికే విన్నట్టు, దాని కింద తిరిగే ముక్క ఈ సినిమాలో ఉన్న 'యెగెల్లె తిజిత'దే. ఇక ది వీకెండ్ అనే గాయకుడు తెలియనివాళ్లుండరు. ఆ అబ్బాయి అసలు పేరు ఏబెల్ టెస్ఫాయే, అమ్మానాన్నలు ఇథియోపియా నుంచి కెనడా వెళ్లినవాళ్లు. 2015లో వచ్చిన 'ది హిల్స్' చివరిదాకా ఆపకుండా వినండి, ఆఖర్న గొంతు మారి ఏదో భాష వస్తుంది, అది అమ్హారిక్, ఇథియోపియా భాష. కోట్లమంది విన్న పాటలో చివరి మాటలు ఇంట్లో అమ్మ మాట్లాడే భాషలో పెట్టుకున్నాడు. నాకు ఆ పని ఎంతో నచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎక్కడో విన్నట్టుంది అన్నాను కదా, ఎందుకని? మీ ఫోన్లో కీబోర్డు యాప్ ఉంటే తీయండి, లేదా ఆ హార్మోనియం దగ్గర ఎవరైనా కూర్చోండి. నల్ల మెట్లు రెండొకచోట, మూడొకచోట గుంపులుగా ఉంటాయి. మూడున్న గుంపులో మొదటిదాన్ని సా అనుకోండి. తెల్లవాటి జోలికి పోకుండా అక్కణ్నుంచి వరసగా నల్లవి మాత్రమే వాయించండి. స, రి, గ, ప, ద. అంతే, మోహనం! 'మాయాబజార్'లో పడవ మీద లాహిరి లాహిరి అంటారే, అదే. ఇథియోపియా వాళ్లు ఈ వరసని తిజిత అంటారు. వాళ్లకి ఇలాంటి ముఖ్యమైన వరసలు నాలుగున్నాయి, తిజిత, బతి, అంబాసెల్, అంచిహోయె. తిజితలోనే దిగులు రూపం ఇంకొకటుంది, గాంధారాన్నీ ధైవతాన్నీ చెరొక మెట్టు కిందికి దించితే వస్తుంది. వింటుంటే మొదట శివరంజని అనిపిస్తుంది, ద దగ్గరికి వచ్చేసరికి కాదని తెలిసిపోతుంది, ఆ కాదన్న చోటే గుండె జారుతుంది. 'యెగెల్లె తిజిత' ఇందులోదే.

వాళ్లు మన దగ్గర నేర్చుకున్నారనో, మనం వాళ్ల దగ్గర తెచ్చుకున్నామనో నేననడం లేదు. ఐదు స్వరాల వరసలు చైనాలో ఉన్నాయి, స్కాట్లాండులో ఉన్నాయి. నన్ను పట్టుకుంది వేరే. అవే ఐదు స్వరాలు మనకి వెన్నెల, వాళ్లకి బెంగ. తిజిత అనే మాటకి జ్ఞాపకం అని అర్థం చెబుతారు, కాని నాకు మాత్రం మన బెంగ అన్న మాటే దానికి దగ్గరగా తోస్తుంది. పిల్లాడు ఊరెళ్లిన అమ్మమ్మ మీద బెంగపెట్టుకున్నాడు అంటామే, అది. ఆ పేరు వరసకే కాదు, ఒక పాటకి కూడా ఉంది. వరస ఉంటుంది, పల్లవిలాంటిది ఉంటుంది, ప్రతి గాయకుడూ తన తిజిత తను పాడుకోవాలి. తిలహున్ గెసెసెది ఒకటి, మహమూద్ అహ్మద్‌ది ఒకటి. గొంతు సన్నగా వణుకుతూ ఒక స్వరం చుట్టూ తిరుగుతుంది, మన గమకంలా ఇంకో స్వరంలోకి జారదు, ఉన్నచోటే కంపిస్తుంది. కింద దరువు తరచుగా తిశ్రంలో నడుస్తుంది, అందుకని దిగులు పాటకి కూడా భుజాలు ఊగుతాయి. నిజంగానే ఊగుతాయి, వాళ్ల నాట్యం పేరు ఎస్కిస్తా, అంతా భుజాలతోనే.

మరి ఈ శాక్సఫోన్లు, బాకాలు అక్కడికి ఎలా వచ్చాయి? దీనికి మన పెళ్లిళ్ల బ్యాండు మేళం గుర్తుచేసుకుంటే చాలు, తెల్లవాళ్ల సైన్యం వాయిద్యాలు మన ఊరేగింపుల్లో ఎలా కలిసిపోయాయో అక్కడా అలాగే, కాని అక్కడి కథలో గుండె కలుక్కుమనే మలుపొకటుంది. తర్వాత హైలే సెలాసీ చక్రవర్తి అయిన రాస్ తఫారి 1924లో జెరూసలెం వెళ్లినప్పుడు నలభై మంది ఆర్మేనియన్ అనాథ కుర్రాళ్లని చూశాడు, టర్కీ ఊచకోతలో అమ్మానాన్నలు పోయినవాళ్లు. వాళ్లు ఇత్తడి బ్యాండు వాయిస్తున్నారు. మొత్తం నలభై మందినీ అడిస్ అబాబా తీసుకొచ్చాడు. వాళ్ల గురువు కెవోర్క్ నల్బాండియన్, ఇథియోపియా మొదటి జాతీయ గీతానికి బాణీ కట్టింది ఈయనే. అక్కణ్నుంచి పోలీసు బ్యాండు, అంగరక్షకుల బ్యాండు, వాటిలో పెరిగిన గాయకులు, వాద్యకారులు. గెటాచెవ్ మెకురియా అని ఒక శాక్సఫోన్ విద్వాంసుడు, యుద్ధానికి వెళ్లేటప్పుడు అరిచే షెలెలా అనే వీరగానాన్ని శాక్సఫోన్‌లోకి ఎక్కించాడు. వింటే ఒళ్లు జలదరిస్తుంది. వీరగాథలు విని పెరిగిన చెవికి ఆ ఆవేశం అర్థమవుతుంది, భాష అక్కర్లేదు.

1969లో అమ్హా ఎషెటే అనే యువకుడు, రికార్డులు తీసే హక్కు ప్రభుత్వానిదేనన్న నిబంధనని లెక్కచేయకుండా సొంతంగా రికార్డులు తెచ్చాడు. ఐదారేళ్లు పండగే. 1974లో చక్రవర్తిని దించి సైన్యం వచ్చింది, రాత్రి కర్ఫ్యూ వచ్చింది, అది ఏళ్లకేళ్లు సాగింది. రాత్రే లేకపోతే నైట్ క్లబ్బు ఎక్కడిది, బ్యాండు ఎక్కడిది? అమ్హా అమెరికా వెళ్లిపోయాడు. రికార్డులు ఆగిపోయి క్యాసెట్లు మిగిలాయి. తర్వాత ఫ్రాన్సిస్ ఫాల్సెటో అనే ఫ్రెంచి ఆయన ఆ పాత రికార్డులు వెతికి, హక్కులు తీసుకుని, 1990ల చివర నుంచి 'ఎథియోపిక్స్' పేరుతో వరసగా సీడీలు తెచ్చాడు. అందులో నాలుగోది ములాటుది. ఆ సినిమా దాకా వెళ్లిన దారి అది.

ఆ వరసలో ఇరవై ఒకటోది నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువ. బ్యాండు లేదు, దరువు లేదు, ఒక్క పియానో. వాయించినావిడ సన్యాసిని. ఎమహోయ్ సెగె మరియం గెబ్రూ. ఎమహోయ్ అంటే సన్యాసినులకిచ్చే గౌరవ పదం. 1923లో పెద్దింట్లో పుట్టారు, ఆరేళ్లకే చదువుకోసం స్విట్జర్లాండు పంపారు, అక్కడ వయొలిన్, పియానో పట్టుబడ్డాయి. తిరిగొచ్చాక ఇటలీ దండెత్తింది, ఆ కుటుంబాన్ని పట్టుకెళ్లి ఇటలీలో అసినారా అనే దీవిలో ఖైదు పెట్టారు, ఇంట్లోవాళ్లలో కొందర్ని చంపేశారు. యుద్ధం అయ్యాక మళ్లీ సంగీతం, కైరోలో గురువు, చివరికి లండన్‌లో చదువుకునే అవకాశం. వెళ్లనివ్వలేదు. ఆవిడ అన్నం మానేశారు. తర్వాత ఇరవై ఏళ్ల వయసులో అటూఇటుగా గిషెన్ మరియం అనే కొండ మీద మఠంలో చేరిపోయారు. పదేళ్లు చెప్పుల్లేకుండా తిరిగారు, పియానో లేదు.

ఆరోగ్యం బాగాలేక కిందికి వచ్చాక మళ్లీ వాయించడం మొదలుపెట్టారు. 1967లో జర్మనీలో మొదటి రికార్డు వచ్చింది, ఆ డబ్బు అనాథ పిల్లలకి. 1980ల మధ్యలో జెరూసలెంలో ఇథియోపియన్ మఠానికి వెళ్లి, 2023 మార్చిలో తొంభై తొమ్మిదేళ్లకి పోయేదాకా అక్కడే ఉన్నారు. మొన్నమొన్నటిదాకా ఉన్నారన్నమాట, మనం వినకపోవడమే. రెబెకా హాల్ తీసిన 'పాసింగ్' అనే నలుపు తెలుపు సినిమా 2021లో వచ్చింది, 1920ల న్యూయార్క్‌లో ఇద్దరు చిన్ననాటి స్నేహితురాళ్ల కథ, తెల్లగా చెలామణీ అయ్యే ఒక నల్ల అమ్మాయి భయం. అందులో మళ్లీ మళ్లీ వినిపించే పియానో ఈవిడదే, ఆ రచన పేరుకి ఇల్లు లేని సంచారి అని అర్థం. ఎడమ చెయ్యి నెమ్మదిగా నడుస్తుంటుంది, కుడి చెయ్యి దాన్ని పట్టించుకోకుండా కొంచెం ముందుకి పరిగెత్తి, ఆగి, వెనక్కి చూసి, మళ్లీ కలుస్తుంది. తాళం వేద్దామని చూడకండి, వీలుపడదు. ఆలాపన వింటున్నట్టు వినండి.

నేను ఈమధ్య కనుక్కున్నది అని ధైర్యంగా చెప్పుకోగలిగింది మాత్రం ఆవిడ 'సువెనీర్స్'. 1977 నుంచి 1985 దాకా, బయట ఆ సైనిక పాలన నడుస్తుండగా, అడిస్ అబాబాలో తన ఇంట్లో పియానో ముందు కూర్చుని, టేప్ రికార్డర్ నొక్కి, పాడుతూ వాయించుకున్న పాటలవి. స్టూడియో లేదు, ఇంజనీరు లేడు. ఆ టేపులు 2024లో బయటికొచ్చాయి. దేశం వదిలి వెళ్లడం గురించి, వదిలేశాక మిగిలేదాని గురించి పాటలు. గొంతు గొప్ప గొంతు కాదు, తనలో తను పాడుకునే ముసలమ్మ గొంతు. కాని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పాట వెనక కిటికీలోంచి పిట్టలు కూస్తుంటాయి. కూర్చున్న బల్ల కిర్రుమంటుంది. మామూలుగా అయితే ఇవన్నీ చప్పుళ్లని తీసేస్తారు. నాకు ఆ పిట్టల దగ్గరే కళ్లు చెమ్మగిల్లాయి, ఆ పిట్టలు ఎప్పుడో పోయాయి, ఆ గది ఏమైందో, ఆవిడా లేరు, కాని ఆ పొద్దు మాత్రం అలాగే ఉంది. పాటతోపాటు గది కూడా రికార్డవుతుందని నాకు అప్పుడు తెలిసింది. అప్పట్నుంచి ఏది విన్నా వెనకేముందా అని వింటున్నాను.

ఇప్పుడు జిమ్మా. మా వీధి చివర లెక్కల మాస్టారు ఉన్నారు, ఈరోజు ముందు వరసలోనే కూర్చున్నారు, పేరు చెప్పొద్దన్నారు. ములాటు గురించి మా ఇంట్లో నేను ఆవేశంగా చెబుతుంటే, ఏ ఊరన్నావు, అని అడిగారు. జిమ్మా అండి అన్నాను. నేను అక్కడ మూడేళ్లు పాఠాలు చెప్పానురా, అన్నారు! ముప్ఫై ఏళ్లుగా ఒకే వీధిలో ఉన్నాం, నాకు తెలీదు. 1980ల మొదట్లో మన దేశం నుంచి టీచర్లు చాలామంది అక్కడి హైస్కూళ్లలో పనిచేశారు, అందులో మాస్టారొకరు. ఫోన్లో తిజిత పెట్టాను. మాస్టారు మొదటి ముక్కకే కళ్లు మూసుకున్నారు, రెండు చేతులతో ఏదో చిన్న గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నారు. తర్వాత చెప్పారు, అది కాఫీ గిన్నె. అక్కడ కాఫీ అంటే ఫిల్టరులో వేసి పరిగెత్తడం కాదు. పచ్చి గింజలు ఇంట్లోనే పెనం మీద వేయించి, ఆ పొగ అతిథులందరి ముందూ తిప్పి, దంచి, మట్టి కూజాలో కాచి, చెవి లేని చిన్న గిన్నెల్లో మూడుసార్లు పోస్తారు. మూడోది తాగకుండా లేవకూడదు, దాని పేరు బరకా, దీవెన.

అజ్మరీల గురించి కూడా మాస్టారే చెప్పారు. ఒంటితీగ మసింకో పట్టుకుని ఊరూరా తిరిగే పాటగాళ్లు. కాఫీ దగ్గరో, పానీయం దగ్గరో కూర్చున్నవాళ్ల మీద అప్పటికప్పుడు చరణాలు కడతారు, పొగుడుతారు, ఆటపట్టిస్తారు. వాళ్ల కవిత్వంలో గొప్ప విద్యొకటుంది, సెమ్నా వెర్క్ అంటారు, అంటే మైనం, బంగారం. కంసాలి మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట బంగారం పోస్తాడు కదా, అలా పైకి ఒక అర్థం, అది కరిగితే లోపల అసలు అర్థం. మనం శ్లేష అంటాం. పింగళి సూరన ఒకే కావ్యంలో రామాయణం, భారతం రెండూ చెప్పిన భాష మనది, మనకిది వింత కాదు. కాని అక్కడది పండితుల దగ్గర ఆగలేదు, వీధి పాటగాడి నోట్లో ఉంది. సైన్యం కాపలా కాస్తున్న రోజుల్లో ప్రేమపాటలా వినిపించే చరణంలో ఇంకేం చెప్పారో, కూర్చున్నవాళ్లకి తెలిసేది.

అందరూ మైనం వాడలేదు. జిమ్మా చుట్టుపక్కల మాట్లాడేది ఎక్కువగా ఒరోమో భాష. అది రాజధానిలో చిన్నచూపు చూసిన భాష. హచాలు హుండెస్సా అని ఒక కుర్రాడు, పదిహేడేళ్లకే జైలుకెళ్లి ఐదేళ్లు ఉండి వచ్చాడు, ఒరోమోలో పాడాడు. 2015లో వచ్చిన 'మాలన్ జిరా' ఒక ప్రేమపాటే, కాని నేల పోగొట్టుకున్నవాళ్లందరి పాట అయింది. 2020 జూన్ 29న అడిస్ అబాబాలో అతన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత జరిగిన అల్లర్లలో వందమందికి పైగా పోయారు. పాట ఉద్యమాన్ని భుజాన మోయడం తెలంగాణలో కళ్లారా చూసినవాళ్లు ఇక్కడున్నారు, మీకు నేను వివరించి చెప్పాల్సింది లేదు. ఇథియోపియా సంగీతం అంటే పాత జాజ్ ఒకటే అనుకుని ఆగిపోకండి, ఈ అబ్బాయిని వినండి, అంతే నా కోరిక.

ఇక చివరిది. మాస్టారు ఆరోజు ఇంటికెళ్లి ట్రంకు పెట్టె తీసి ఒక క్యాసెట్ పట్టుకొచ్చారు. జిమ్మాలో రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి పట్టిన పాటలు. బూజు పట్టి ఉంది, లోపల టేపుని హెడ్‌కి ఆనించే చిన్న మెత్త ఊడిపోయింది. ఒక షాపులో చూపిస్తే పారేయమన్నారు. నేను ఐదు మరలూ విప్పి, రెండు చుట్టల్నీ జాగ్రత్తగా ఎత్తి, ఒక పాత భక్తిగీతాల క్యాసెట్ డొల్లలోకి మార్చాను. మెత్తటి గుడ్డతో బూజు తుడుస్తూ, పెన్సిల్‌తో తిప్పుతూ, రెండు రాత్రులు పట్టింది.

మోగింది. తిలహున్ గెసెసె గొంతు, కొంచెం నీళ్లలో మునిగినట్టు, అయినా ఆయనే. మొదటి పాట సగంలో ఉండగా ఒక గరిట చప్పుడు వినిపించింది. తర్వాత ఎవరో నడిచారు. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు, స్పష్టంగా, తెలుగులో, "ఏవండీ, పాలు పొంగుతున్నాయి చూడండి!"

మాస్టారి భార్య పోయి పదకొండేళ్లయింది. ఫోనుల్లో వీడియోలు తీసే అలవాటు ఆ ఇంట్లో లేదు. మాస్టారు అది విని ఏమీ అనలేదు, మళ్లీ వెయ్యరా అన్నారు, ఆరోజు చాలాసార్లు వేశాను. ఈ సభలో వినిపించనా అని అడిగితే రెండు రోజులు ఆలోచించి సరే అన్నారు.

ఆ పాట మొదటికి తిప్పి ఉంచాను. ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, కాసేపు ఆపుతారా ఎవరైనా? మాస్టారూ, వేస్తున్నాను.